ఏడో నెలలోనే జాకెట్టుకు పసుపు మరక: పాలు ముందే కారిపోతున్నాయా?

ప్రశ్న:
నాకు ఇప్పుడు 29వ వారం. రెండు రోజులుగా నిద్ర లేచేసరికి జాకెట్టు మీద కుడివైపు కందిగింజంత పసుపు మరక కనబడుతోంది. ఎండితే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతోంది. ఇప్పుడే కారిపోతే బిడ్డకు మిగలవేమోనని మా అత్తయ్యగారు దిగులు పడుతున్నారు. మా తోడికోడలికైతే కాన్పు వరకు చుక్క కూడా రాలేదట. అసలేం జరుగుతోందో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం (ప్రసూతి వార్డు నర్సు):
అమ్మా, అవి ముర్రుపాలు. చెలమలో నీళ్లలాగా తోడేకొద్దీ ఊరేవే కనుక తరిగిపోతాయన్న భయం వద్దని అత్తయ్యగారికి చెప్పండి. తొలి వారాల్లో రొమ్ములు సలపడంతోనే ఈ ఏర్పాటు మొదలవుతుంది: ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పాలనాళాలను కొమ్మలుగా విస్తరింపజేస్తుంది, ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ ఆ కొమ్మల చివర ద్రాక్షగుత్తుల్లాంటి పాలతిత్తులను పెంచుతుంది, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ప్రోలాక్టిన్, మాయలో తయారయ్యే లాక్టోజెన్ అనే హార్మోన్లు ఆ తిత్తుల్లోని కణాలను పాల తయారీకి సిద్ధం చేస్తాయి. దాదాపు 16వ వారం దాటాక ముర్రుపాలు ఊరడం మొదలవుతుంది. అవి కొందరికి బయటికి కారతాయి, కొందరికి కారవు, రెండూ సహజమే.

నెలలు నిండేనాటికి ప్రోలాక్టిన్ మామూలుకంటే సుమారు 10 రెట్లు పెరిగినా పాలు పొంగకపోవడానికి కారణం ప్రొజెస్టెరాన్ అడ్డుగా నిలవడమే. కాన్పులో మాయ బయటపడగానే ఆ అడ్డు తొలగుతుంది, రెండు మూడు రోజుల్లో పాలు నిండుగా పడతాయి. ఉన్నాయో లేవో చూద్దామని ఇప్పుడు పిండకండి. రక్తపు చార కనబడినా, గడ్డ తగిలినా డాక్టరుకు చూపించండి.

సమాధానం (ఇద్దరు పిల్లల తల్లి):
నర్సుగారు చెప్పిన ఆ రెండు మూడు రోజుల సంగతి ముందే తెలిసి ఉంటే నేను అంత ఏడ్చేదాన్ని కాదు. మొదటి కాన్పు మర్నాడు స్టీలు చెంచాలోకి పిండితే అడుగు తడిసేటన్ని తేనెరంగు చుక్కలే వచ్చాయి. పాలు పడలేదు, డబ్బాపాలు పట్టమని చుట్టూ ఉన్నవారంతా తొందరపెట్టారు. పుట్టిన రోజున బిడ్డ కడుపుకు ఆ చుక్కలే చాలునని నాకు ఎవరూ చెప్పలేదు. మూడో రాత్రి రొమ్ములు రాయిలా బరువెక్కి, తెల్లవారేసరికి పక్క తడిసిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధైర్యం వచ్చింది. ఒకవేళ ఆపరేషన్ చేస్తే పాలు ఆలస్యమవుతాయా?

సమాధానం (నర్సు):
ఆపరేషన్‌లోనూ మాయను తీసేస్తారు కనుక ప్రొజెస్టెరాన్ అలాగే పడిపోతుంది. కొందరికి కాస్త ఆలస్యం కావచ్చు, అంతే. వీలైతే గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించమని ముందుగానే అడిగి పెట్టుకోండి. బిడ్డ చప్పరించినప్పుడల్లా ప్రోలాక్టిన్ పెరుగుతుంది, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు చేపుకు వస్తాయి.