కట్నం ముట్టిన పెళ్లికి పాస్టరు ప్రకటన చదవవచ్చా?

కృష్ణా తీరం:
అందరికీ వందనాలు. ఈమధ్య మా సంఘంలో ఒక ప్రధానం (నిశ్చితార్థం) జరిగింది. ముందు గదిలో పెద్దలు కీర్తన పాడుతున్నారు. లోపలి గదిలో మంచం మీద తువ్వాలు పరచి అబ్బాయి మేనమామ నోట్ల కట్టలు లెక్కపెడుతున్నాడు. సరిపోయిందని ఆయన తల ఊపాకే పాస్టరు గారిని ప్రార్థనకు లేవమన్నారు. అమ్మాయి తండ్రి ఆ డబ్బు కోసం అరెకరం అమ్ముకున్నాడు. కట్నం ముట్టిందని తెలిసీ ఆ పెళ్లికి పాస్టరు ప్రకటన, అంటే ఫలానా వారి పెళ్లి జరగబోతోందని సంఘం ముందు చదివేది, చదవవచ్చా? చదవకూడదనే నేనంటాను.

ముగ్గురు కూతుళ్ల తండ్రి:
సోదరా, కాలేబు తన కూతురు అక్సాకు భూమి ఇచ్చాడు, అడిగితే నీటి మడుగులు కూడా ఇచ్చాడు (యెహోషువ 15). ఐగుప్తు రాజు ఫరో గెజెరు పట్టణాన్నే సొలొమోను భార్య అయిన తన కూతురికి కట్నంగా ఇచ్చాడు (1 రాజులు 9:16). కూతురికి ఇచ్చుకోవడం పాపం ఎలా అవుతుంది? ఈ పాస్టరు కాదంటే పక్క వీధి పాస్టరు వస్తారు. పెళ్లి ఆగితే మాటపడేది అమ్మాయే. పెద్దమ్మాయి పెళ్లి చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

పాస్టరు గారి భార్య:
అన్నయ్యా, గాడిద దిగి తండ్రిని నోరారా అడిగి తీసుకున్నది అక్సాయే. ఆమె మామ లెక్కపెట్టుకోలేదు. ఇక ఫరో ఆ ఊరిని కాల్చి, అందులోని కనానీయులను చంపి మరీ ఇచ్చాడు. అది కూడా అదే వచనంలో ఉంది. అతనా మనకు మాదిరి? రాహేలును పెళ్లాడటానికి ఆమె తండ్రి మందలు ఏడేళ్లు కాసినవాడు యాకోబు. మోసపోయి మరో ఏడేళ్లు కాశాడు.

కూతురి వాటా అంటారా, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే క్రైస్తవ కుటుంబంలో కొడుకుకూ కూతురికీ సమాన వాటా. కట్నం ఇచ్చేశాం కదా అని ఆ వాటా వదులుకున్నట్టు కూతురి చేత సంతకం పెట్టించుకునే ఇళ్లు మనకు తెలియనివా?

కొడుకు తల్లి:
మేము అడగలేదు, వాళ్లే ఇస్తామన్నారు. అబ్బాయి చదువుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆడపడుచు లాంఛనాలు కూడా వద్దంటే బంధువుల్లో మా పరువేం కావాలి?

పాస్టరు గారి భార్య:
అమ్మా, తల్లిదండ్రులే పిల్లలకు ఆస్తి కూర్చాలని పౌలు కొరింథీయులకు రాశాడు (రెండవ పత్రిక 12:14). మీ అబ్బాయి చదువు అప్పు వియ్యంకుడు ఎందుకు తీర్చాలి? అబ్బాయి సంపాదించి తీరుస్తాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మన పెంపకం. వాడు బడికి వెళ్లే వయసులోనే, వాడి ఎదుటే, 'వీడికి ఎంత పలుకుతుందో' అని మాట్లాడుకుంటాం. క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు భార్యను ప్రేమించమని పెళ్లిరోజున చదివితే, అలా పెరిగినవాడి చెవికి అది ఎక్కుతుందా?

గుంటూరు వకీలు:
1961 వరకట్న నిషేధ చట్టం ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ, సహకరించినవారికీ కనీసం 5 ఏళ్ల జైలు అంటోంది. బేరం కుదిర్చే సంఘ పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. పెళ్లికి ముందు కట్నం ఎవరి చేతికి వెళ్లినా, పెళ్లయిన మూడు నెలల్లోగా అమ్మాయికి అప్పగించాలి. అడగకుండా, ఆచారం కొద్దీ, స్తోమతకు మించకుండా ఇచ్చే కానుకలకు చట్టం అడ్డు చెప్పదు. 1985 నియమాల ప్రకారం వాటికి జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి.

ముగ్గురు కూతుళ్ల తండ్రి:
జాబితా సంగతి నాకు తెలియదు, సంతోషం. అయినా ఒక్క పాస్టరు కాదంటే ఏమీ మారదు. మా ప్రాంతంలోని సంఘాలన్నీ కలిసి తీర్మానం చేస్తే మొదటి సంతకం నాది. అంతవరకు రెండో అమ్మాయి పెళ్లి ఆపుకోలేను.

పాస్టరు గారి భార్య:
మా సంఘంలో ప్రకటన మొదలయ్యే ముందు మా వారు అబ్బాయితోనూ, అమ్మాయితోనూ విడివిడిగా మాట్లాడతారు. అమ్మాయితో మాట్లాడేటప్పుడు నేనూ కూర్చుంటాను. పెద్దల ముందు నోరెత్తనివారు అప్పుడు చెబుతారు. కట్నం ఉందని తేలితే అది తిరిగి ఇచ్చేదాకా ప్రకటన చదవరు. కొన్ని కుటుంబాలు అలిగి వెళ్లిపోయాయి, తిరిగి ఇచ్చి పెళ్లి చేసుకున్నవారూ ఉన్నారు. అన్నయ్యా, తీర్మానం కోసం ఆగకండి. కట్నం వద్దనే అబ్బాయిలు మా సంఘంలో ఉన్నారు, ఒక ఆదివారం ఆరాధనకు అమ్మాయిని తీసుకుని రండి.