పాత కారు: చిన్న పెట్రోలా, ఏడు సీట్ల డీజిలా?

కొత్తడ్రైవర్: ఒకే బడ్జెట్‌లో రెండు సెకండ్ హ్యాండ్ బళ్లు దొరికాయి. ఒకటి చిన్న పెట్రోల్ కారు, ఒకే ఓనర్, సర్వీస్ రికార్డు మొత్తం ఉంది. రెండోది ఏడు సీట్ల డీజిల్, ఇంకా పాతది, కానీ సన్‌రూఫ్ ఉంది. ఇంట్లో నలుగురం, రోజూ ఆఫీసు, పిల్లల స్కూలు, అన్నీ దగ్గరే. మనసు మాత్రం రెండోదాని మీదే ఉంది.

స్పానర్: దగ్గర దూరాలకి డీజిల్ ఎందుకండీ? ఈ మధ్య కాలం డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది బాగా వేడెక్కితేనే మసి కాలిపోతుంది. స్కూలు దాకా వెళ్లి ఆపేస్తుంటే వేడెక్కదు, పూడుకుపోతుంది, మార్చాలంటే జేబుకి చిల్లే. ఇక సన్‌రూఫ్ నీళ్లు పోయే సన్న గొట్టాలు దుమ్ముతో మూసుకుపోతే వానకి సీట్లు తడుస్తాయి. అవసరం ఏది, సరదా ఏది, ముందు కాగితం మీద రాసుకోండి.

వెనకసీటు: అందరూ సన్‌రూఫ్ మీద పడి ఏడుస్తారేంటి? మా బండికీ ఉంది, చుక్క కారలేదు.

స్పానర్: మీది కొత్తదేమో.

వెనకసీటు: పాతదే. మూడో చేతి బండి.

చూసిపోదాం: మళ్లీ సన్‌రూఫేనా బాబూ.

స్పానర్: సరే, వదిలేద్దాం. ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం ఏడాదంతా ఖాళీ సీట్లు మోసుకు తిరగడం దండగ కాదా? ఆ నాలుగు రోజులు బండి అద్దెకి తీసుకుంటే సరిపోతుంది.

వెనకసీటు: ఇదే లెక్క మా ఆయనా వేశారు. చిన్న కారు కొన్నాక ఎక్కడికి బయల్దేరినా సీటు చాలక ఆగిపోయింది నేనే, "నువ్వు బస్సులో వచ్చెయ్" అని. అద్దె బండి ఒక్కసారీ రాలేదు, ఇంట్లో కారుందిగా మరి! మీ కాగితం మీద అవసరాలు రాసేది ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్నవాళ్లే.

స్పానర్: రిపేరు బిల్లు కట్టేది కూడా వాళ్లే కదండీ! మా అన్న అందరూ పట్టాలని పెద్ద బండి కొన్నాడు, డబ్బు చాలక టైమింగ్ బెల్ట్, అదే ఇంజిన్ వాల్వుల్ని సమయానికి తెరిచి మూయించే పట్టీ, మార్పించడం వాయిదా వేశాడు. దారిలో తెగి వాల్వులు వంగి ఇంజిన్ పోయింది. ఆ అప్పు తీర్చింది నేను. ఎక్కి కూర్చున్నవాళ్లు ఎవరూ రూపాయి ఇవ్వలేదు.

వెనకసీటు: అంటే డబ్బు పెట్టినవాడిదే అవసరం, మిగతావాళ్లవన్నీ సరదాలు. ఆ మాట మొదటే అనొచ్చుగా, ఫిల్టరూ గొట్టాలూ ఎందుకు మధ్యలో?

చూసిపోదాం: అడిగిన మనిషి ఉన్నాడా, పారిపోయాడా?

కొత్తడ్రైవర్: ఉన్నానండీ. ఇంకో సంగతి, అమ్మ వచ్చే నెల నుంచి మా దగ్గరే ఉంటుంది. నిన్న తీసుకెళ్లి రెండు బళ్లూ చూపించాను. పెద్దదాంట్లోకి మోకాలు ఎత్తి ఎక్కలేకపోయింది, తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

స్పానర్: ఇంకేం మరి. చిన్నదాంట్లో ఐదుగురు పడతారు.

వెనకసీటు: పడతారు. వెనక మధ్యలో కూర్చునేది ఎవరో కూడా చెప్పండి. చాలా పాత కార్లలో అక్కడ నడుముకి మాత్రమే బెల్టు ఉంటుంది, భుజం మీదికి రాదు.

స్పానర్: అది నిజమే, చూసుకోండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి, వాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచితే స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమో అని అనుమానించాల్సిందే. టైరు ఎంత పాతదో కూడా చూడండి, దాని పక్క భాగం మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

కొత్తడ్రైవర్: రేపు మళ్లీ వెళ్తాం. ఈసారి పిల్లల్నీ అమ్మనీ వెనక కూర్చోబెట్టి చూస్తా.

వెనకసీటు: మీ ఆవిడని కూడా ఒకసారి ఆ మధ్య సీట్లో కూర్చోమనండి, మీరు కూడా కూర్చోండి.