మే నెల ఎండలో మొదటి పుట్టినరోజు కేక్: ఇంట్లో చేసినవాళ్లు కాస్త చెప్పండి

బెజవాడ కోడలు (మే 4)

అందరికీ నమస్తే. మా బాబుకి మే 18కి ఏడాది నిండుతుంది. హాలు అదీ ఏమీ లేదు, సాయంత్రం మా డాబా మీదే, ముప్పై మంది దాకా వస్తారు. "బేకరీ కేక్ ఎందుకు, నేనే చేస్తా" అని అందరి ముందూ అనేశాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

అత్తయ్యగారు గుడ్డు ముట్టరు, కాబట్టి ఎగ్‌లెస్. రెండు కిలోలైనా ఉండాలి. ఇంకోటి మామయ్యగారి కోరిక. ఆయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కేక్ మీద 'హ్యాపీ బర్త్‌డే' కాదు, తెలుగులోనే రాయాలట.

నిన్న ట్రయల్ వేశా. స్పాంజ్ బాగానే పొంగి, ఓవెన్ కట్టేసరికి నడుమ గుంట పడింది. కోసి చూస్తే చుట్టూ ఇటుక, మధ్యలో హల్వా. క్రీమ్ సంగతి అసలు అడక్కండి, అరగంట బీటర్ తిప్పినా పాయసంలాగే ఉంది. ఇక్కడ మధ్యాహ్నం 43 డిగ్రీలు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ఓటీజీ పిన్ని

అమ్మాయ్, ముందు రెండు సంగతులు చెప్పు. పిండి కలిపిన ఎంతసేపటికి ఓవెన్‌లో పెట్టావు? క్రీమ్ డబ్బా మీద కొవ్వు ఎంత శాతం అని ఉంది?

బెజవాడ కోడలు

పిండి కలపగానే బాబు లేచాడు పిన్నీ. వాడికి ఉగ్గు పెట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు అయింది. డబ్బా ఇప్పుడే చూశా, 25 శాతం అని ఉంది.

ఓటీజీ పిన్ని

అయితే దొంగలిద్దరూ దొరికారు.

గుడ్డు లేని కేక్‌ని పైకి లేపేది పెరుగులో పులుపూ వంటసోడా కలిసినప్పుడు పుట్టే గాలే. కలిపిన నిమిషం నుంచే అది తప్పించుకుపోతూ ఉంటుంది. ఇరవై నిమిషాలు గట్టు మీద ఉంచితే సగం గాలి అక్కడే పోయినట్టు. ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, టిన్నుకి నూనె రాసి కాగితం వేసి ఉండాలి, ఆ తర్వాతే తడి పొడి కలపాలి. బాబుని వాళ్ల నాన్నకి అప్పగించి మొదలుపెట్టు.

25 శాతం క్రీమ్ కూరల్లోకి, ఫ్రూట్ సలాడ్‌లోకి. దాన్ని తెల్లారేదాకా గిలక్కొట్టినా నిలబడదు. పాల క్రీమ్ నిలబడాలంటే కనీసం 30, ఇంకా నయం 35 శాతం కొవ్వుండాలి. బేకరీ సామాన్ల షాపులో గడ్డకట్టించి అమ్మే విప్పింగ్ క్రీమ్ వేరు. అది చాలావరకు వనస్పతి లాంటి కొవ్వుతో చేసింది, అందుకే మన ఎండల్లో కాస్త ఓర్చుకుంటుంది.

నా కొలత ఇదీ. మైదా ఒకటిన్నర కప్పు, గట్టి పెరుగు ఒక కప్పు, పంచదార పొడి ముప్పావు కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిల్లా ఒక టీస్పూను. మైదా, పౌడర్, సోడా కలిపి రెండుసార్లు జల్లించాలి. పిండి ఇడ్లీ పిండి చిక్కదనంలో ఉండాలి. మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పోసుకో. ముద్దలు పోతే చాలు, ఇక కలపొద్దు. 170 డిగ్రీల్లో 35 నిమిషాలు. మొదటి 25 నిమిషాలు తలుపు తెరవకూడదు, వాసనకి ఆగలేక నేనూ తెరిచిన రోజులున్నాయి.

ఇది ఒక ఎనిమిదంగుళాల టిన్నుకి. నీకు రెండు కావాలి. రెండు కొలతలూ ఒకే టిన్నులో పోసి ఒకేసారి కానిచ్చేద్దామనుకోకు. చుట్టూ ఇటుక, మధ్యలో హల్వా అలా కూడా వస్తుంది.

గుంటూరు మిర్చి

పిన్నిగారి కొలతకి నాదో చిన్న కొసరు. కప్పు అంటే 240 మి.లీ. కప్పు, కాఫీ కప్పు కాదు! నేను మూడేళ్ల పాటు మా అమ్మ ఇత్తడి గ్లాసుతో కొలిచి, ఓవెన్‌ని తిట్టుకున్నా. చివరికి చిన్న త్రాసు కొన్నా. ఒకటిన్నర కప్పు మైదా అంటే దాదాపు 190 గ్రాములు. త్రాసు వచ్చాక ఓవెన్ కూడా బాగుపడింది.

కుక్కర్ కేక్ అభిమాని

మా ఊళ్లో ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, ఉన్నవాళ్లు తక్కువ. కుక్కర్‌లో గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, పది నిమిషాలు వేడి చేసి టిన్ను దింపుతాం. సన్న మంట మీద 45 నిమిషాలు. చీపురు పుల్ల గుచ్చి చూడటం మా నానమ్మ లెక్క. గుంట పడితే మాత్రం నేను పారేయను, చిదిపి లడ్డూలా చుట్టి చాక్లెట్‌లో ముంచుతా. పిల్లలు అసలు కేక్ కంటే వాటికే ఎగబడతారు.

ఓటీజీ పిన్ని

కుక్కర్‌ని తక్కువ చేయడం లేదు బాబూ, నా మొదటి పదేళ్లూ దాంట్లోనే. కానీ నీళ్లు లేకుండా అంతసేపు మంట మీద పెడితే కుక్కర్ పాడవుతుంది. పాతదొకటి దీనికని విడిగా పెట్టుకోవడం మేలు. పుల్ల కూడా చీపురుది వద్దులే.

డల్లాస్ బాబాయ్

ఇక్కడ హెవీ క్రీమ్ అని అమ్మాలంటే కొవ్వు 36 శాతానికి తగ్గకూడదు. కాబట్టి నిలబడటం సమస్య కాదు, నిలబడ్డది నిలిచి ఉండటం సమస్య. మా అమ్మాయి పుట్టినరోజు జులైలో, పార్కులో చేశాం. కేక్ పెట్టె మూత తీసేసరికి పైన వేసిన పువ్వులు ఓ పక్కకి ఒరిగాయి, పాట పూర్తయ్యేసరికి బల్ల మీదికి దిగాయి. క్రీమ్ గట్టిపడటానికి జెలటిన్ వేయమంటారు, మన ఇళ్లలో శాకాహారులుంటే అది కుదరదు. వెన్న, పంచదార పొడితో బటర్‌క్రీమ్ చేశాను ఒకసారి. మనవాళ్లందరూ పైన గీకి పక్కన పెట్టి లోపలిది తిన్నారు, తీపి ఎక్కువైందట.

కూకట్‌పల్లి కేకులు

ఇంటి నుంచే ఆర్డర్లు చేస్తాను. నా మాట వినండి అక్కా, మే నెలలో డాబా మీద పార్టీ అంటే క్రీమ్ ఆలోచన వదిలేయండి. ఏ కంపెనీదైనా సరే. గనాష్‌కి వెళ్లండి, అంటే వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే పూత. మీ దగ్గర మిగిలిన 25 శాతం క్రీమ్ కూడా దీనికి పనికొస్తుంది.

మామూలు రోజుల్లో డార్క్ చాక్లెట్ రెండు వంతులు, క్రీమ్ ఒక వంతు. మేలో నేను రెండున్నర వంతులు వేస్తాను. మీ రెండు కిలోలకి 750 గ్రాముల డార్క్ కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్), 300 మి.లీ. క్రీమ్ పట్టొచ్చు. చాక్లెట్ సన్నగా తరగండి. క్రీమ్ గిన్నె అంచుల్లో బుడగలు రాగానే దింపేయండి, తెర్లనివ్వొద్దు. చాక్లెట్ మీద పోసి మూడు నిమిషాలు ముట్టుకోకండి. అప్పుడు నడుమ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా తిప్పుతూ పోతే అద్దంలా వస్తుంది. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి గట్టి పూర్ణంలా అవుతుంది. వంటగది మరీ వేడిగా ఉంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒక్క జాగ్రత్త. చాక్లెట్ కరిగించే గిన్నెలో నీటి చుక్క పడకూడదు. పడిందా, ఇసుకలా గరగరలాడిపోతుంది.

స్పాంజ్‌ని అడ్డంగా కోయడానికి చాకు మీద నమ్మకం లేకపోతే చుట్టూ సగం ఎత్తులో టూత్‌పిక్‌లు గుచ్చి, వాటి మీదుగా కుట్టు దారం వేసి, రెండు కొసలూ ముందుకి తెచ్చి అడ్డంగా లాగండి. ఒక్క లాగుడికి రెండు చక్రాలు. ప్రతి చక్రం మీదా పంచదార నీళ్లు చిలకరించండి, ఎగ్‌లెస్ స్పాంజ్ త్వరగా ఎండుతుంది. మొదట గనాష్ పల్చగా ఒక పూత పూసి అరగంట ఫ్రిజ్‌లో పెడితే పొడి అంతా అతుక్కుపోతుంది, రెండో పూత నున్నగా వస్తుంది.

సాగరతీరం

విశాఖ నుంచి. ఎవరైనా ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు పెట్టమంటారేమో, మా ఉక్కపోతలో నేను పడ్డ పాట్లు చెబుతా. ముందురోజే పెట్టేసి కేక్‌ని ఫ్రిజ్‌లో దాచాను. బయటికి తీశాక బొమ్మలకి చెమట పట్టి, ఏనుగు తొండం జారి పొట్ట మీద పడింది. బొమ్మలు విడిగా ఆరబెట్టి చివర్లో పెట్టుకోవాలట, తర్వాత తెలిసింది.

గుంటూరు మిర్చి

అందుకే నాకు క్రిస్మస్ ప్లమ్ కేకే ఇష్టం. డిసెంబరు చలి, పైన పూత లేదు, పువ్వు లేదు, వారం తర్వాత ఇంకా రుచిగా ఉంటుంది. మేలో పుట్టే పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పాల్సింది :)

బెజవాడ కోడలు (మే 6)

నవ్వించారు. గనాష్ ఖాయం. బాబు వాళ్ల నాన్న ఆదివారం బాబుని చూసుకుంటానని మాటిచ్చారు, రెండో ట్రయల్ అప్పుడు. మరి తెలుగు అక్షరాలు? కాగితం మీదే నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది.

బ్రష్ బాబాయ్

ఇది నా సబ్జెక్టు. ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు, గోడ ప్రకటనలు రాశాను. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక ఇప్పుడు మా అమ్మాయి చేసే కేకుల మీద రాస్తున్నా.

తిన్నగా కేక్ మీద రాయకు తల్లీ, తప్పు పోతే చెరపలేం. తెల్ల కాంపౌండ్ చాక్లెట్ కరిగించి బటర్ పేపర్ మీద అట్టంత మందాన పరిచి, ఆరాక వేడి చాకుతో పలకలా కోసుకో. రాత దాని మీద. పాడైతే ఇంకో పలక.

ఇప్పుడు లెక్క చూడు. పు, ట్టి, న, రో, జు: ఐదు. శు, భా, కాం, క్ష, లు: ఇవీ ఐదే. కాబట్టి పలక నడిమధ్యలో ముందు 'న' రాయి, సరిగ్గా దాని కింద 'కాం'. అటు రెండు, ఇటు రెండు సర్దుకుంటే చివర్లో 'లు' ఇరుక్కుని అంచు మీదికి ఎక్కదు. ఎడమ నుంచి మొదలుపెట్టినవాళ్లందరికీ అయ్యేది అదే.

'ట్టి' కింద ట వత్తు దిగుతుంది కదా, దాని కిందే 'భా' వస్తుంది. రెండు వరసల మధ్య ఓ వేలెడు చోటు వదలకపోతే వత్తు వచ్చి 'భా' నెత్తిన కూర్చుంటుంది. ఇంకోటి, 'కా' తర్వాత సున్నాకి చోటు మరిచిపోకు. సున్నా పెద్ద గుండ్రన, అక్షరమంత జాగా తింటుంది.

ముందు టూత్‌పిక్‌తో సన్నగా గీసుకో. తర్వాత కరిగిన డార్క్ చాక్లెట్‌తో గీత మీదే రాయి. గొట్టం కొనక్కర్లేదు, పాల ప్యాకెట్ కడిగి బాగా ఆరబెట్టి, మూలన సూదంత బెజ్జం కోస్తే చాలు. తలకట్లన్నీ చివర్లో ఒకేసారి పెట్టు, ఒకే వాలులో వస్తాయి.

కూకట్‌పల్లి కేకులు

బాబాయ్‌గారూ, ఐదు కింద ఐదు! ఇన్నాళ్లూ 'లు' ని చిన్నగా రాసి సర్దుతున్నా.

బెజవాడ అక్కా, కేక్ ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదు కదా, మీకు అదో అదృష్టం. ఒకసారి ఉప్పల్ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఒళ్లు చదునుగా ఉండదని ఆరోజే తెలిసింది. ఇప్పుడు కారులో ముందు సీటు కింద, నేల మీద, జారని మ్యాట్ వేసి పెడతా. అట్ట మీద చెంచాడు గనాష్ పూసి కేక్ దించితే అతుక్కుని కదలదు.

మీరు మాత్రం డాబా మీదికి ఆఖరి నిమిషంలో తెండి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కాంపౌండ్ కూడా దానికి పెద్ద దూరంలో లేదు. కోసేదాకా ఏసీ గదిలోనే.

బెజవాడ కోడలు (మే 20)

ఆలస్యమైంది, క్షమించండి. చుట్టాలు ఇవాళే కదిలారు.

స్పాంజ్‌లు 17న పొద్దున్నే ఆరింటికి చేసేశా, కొలత త్రాసుతోనే. గుంట పడలేదు. పిన్నీ, 25 నిమిషాలు వంటింట్లో ఉంటే తెరిచేస్తానని వరండాలో కూర్చున్నా. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది, గనాష్ పూస్తుండగా. గంటన్నర రాలేదు. నున్నగా రుద్దినదంతా జారడం మొదలుపెట్టింది. పెద్ద పళ్లెంలో ఐసు, ఉప్పు పోసి దాని మీద ఇంకో పళ్లెం, ఆ పైన కేక్ పెట్టి, మా ఆయన విసనకర్ర పట్టుకుని కూర్చున్నారు. ఒక పక్క కాస్త ఒరిగిన మాట నిజం. అటువైపు బిస్కెట్లు నిలబెట్టి, ఓ రిబ్బన్ చుట్టేశా. "డిజైన్ బావుందే" అన్నారు మా వదిన.

750 గ్రాముల చాక్లెట్‌లో ఓ గిన్నెడు గనాష్ మిగిలింది. తూకం వేస్తే కేక్ రెండు కిలోల పైనే. అత్తయ్యగారు రెండు ముక్కలు తిని, ఇందులో నిజంగా గుడ్డు లేదు కదా అని మూడుసార్లు అడిగారు.

ఇక పలక. మూడోసారికి కుదిరింది. 'న' కింద 'కా', వత్తుకి చోటు, తలకట్లన్నీ ఒకే వాలు. ఎంత మురిసిపోయానంటే ఫొటో కూడా తీసి పెట్టుకున్నా. కేక్ డాబా మీదికి తెచ్చాం, కొవ్వొత్తి వెలిగించబోతున్నారు. మామయ్యగారు కళ్లజోడు సర్దుకుని వంగి చదివారు. "పుట్టినరోజు శుభాకాక్షలు." మళ్లీ చదివారు. నా గుండె జారిపోయింది. సున్నా లేదు.

ఆయన ఏమీ అనలేదు. పిల్లల కోసం పెట్టిన పళ్లెంలోంచి ఒక ఎర్ర జెమ్స్ బిళ్ల తీసి, 'కా' పక్కన అద్ది, "ఆ, ఇప్పుడు వెలిగించండి" అన్నారు.

బ్రష్ బాబాయ్

చోటైతే వదిలావుగా తల్లీ.