గిట్ హుక్‌లో ఇప్పటి ఫైళ్లు రావట్లేదు, పాత కమిట్‌వే వస్తున్నాయి

తుంగభద్ర: పొద్దున్నుంచి దీని దగ్గరే కూర్చున్నా. కర్నూలులో మాది చిన్న ఆఫీసు, ఉల్లి ధరల సైటు చేస్తున్నాం. గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్ చేసేటప్పుడు, అంటే మార్పుల్ని రికార్డు చేసేటప్పుడు, మారిన ఫైళ్లేవో చూసి, ధర ఖాళీగా ఉంటే ఆపేయాలి. హుక్‌లో (గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్టు) డిఫ్-ట్రీ అనే మారిన ఫైళ్లు చూపే కమాండ్‌కి హెడ్ (ఇప్పటి బ్రాంచ్‌లో చివరి కమిట్) ఇచ్చా. ఎప్పుడూ అంతకుముందు కమిట్‌లోని ఫైళ్లే చూపిస్తోంది. రేపు క్లయింటుకు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండన్నా.

పెన్నా గట్టు: ఏ హుక్?

కొండారెడ్డి బురుజు: ఏదైనా సరే, తనిఖీ మీ సిస్టమ్‌లో ఉంటే లాభం లేదు. హుక్స్ ఫోల్డరు క్లోన్‌తో (ప్రాజెక్టు కాపీ తీసుకుంటే) రాదు. మీ పక్క సీటు అతని దగ్గర ఆ హుకే ఉండదు. ఉన్నా నో-వెరిఫై అని కొట్టి దాటేయొచ్చు. సర్వర్‌లో ప్రీ-రిసీవ్ హుక్ పెట్టండి, ఎవరైనా పుష్ చేస్తే (కమిట్లు సర్వర్‌కు పంపితే) అది నడుస్తుంది. దానికి పాత కమిట్, కొత్త కమిట్, బ్రాంచ్ పేరు ఇన్‌పుట్‌లో వస్తాయి. ఆ రెండు కమిట్ల మధ్య డిఫ్ (తేడా) తీయండి. కొత్త బ్రాంచ్ అయితే పాతదాని చోట అన్నీ సున్నాలే వస్తాయి, దాన్ని విడిగా చూసుకోవాలి.

గుత్తి కోట: సబ్‌వర్షన్‌లో (గిట్ లాంటిదే ఇంకో టూల్) మేం ఎస్‌వీఎన్‌లుక్ చేంజ్డ్ కమాండ్‌తో ఇదే పని చేసేవాళ్లం. కమిట్ కొట్టగానే సర్వరే ఆపేది.

కొండారెడ్డి బురుజు: అక్కడ కమిట్ నేరుగా సర్వర్‌కే పోతుంది. గిట్‌లో కమిట్ మన దగ్గరే ఉంటుంది, సర్వర్‌కు పోయేది పుష్‌తో. రెండూ కలిపి చెప్పకండి, కొత్తవాళ్లు తికమకపడతారు.

గుత్తి కోట: తికమక ఏముందప్పా, ఆయన అడిగింది కమిట్ గురించే కదా.

తుంగభద్ర: ప్రీ-కమిట్ హుక్ అన్నా, కమిట్‌కు ముందు నడిచేది. పర్మిషన్ ఇచ్చా, రన్ అవుతోంది.

పెన్నా గట్టు: ప్రీ-కమిట్ నడిచేటప్పటికి కొత్త కమిట్ ఇంకా తయారు కాదు. హెడ్ పాతదాని మీదే ఉంటుంది. గిట్ డిఫ్‌కు కాష్డ్, నేమ్-ఓన్లీ ఆప్షన్లు ఇవ్వండి, కమిట్‌కు సిద్ధం చేసిన ఫైళ్ల పేర్లు వస్తాయి. తీసేసిన ఫైళ్లు వద్దంటే డిఫ్-ఫిల్టర్‌లో ఏసీఎంఆర్ (చేర్చినవి, కాపీ చేసినవి, మార్చినవి, పేరు మార్చినవి) ఇవ్వండి. ఇంకోటి, డిస్క్ మీది ఫైలు చదవొద్దు. గిట్ యాడ్‌తో కమిట్‌కు సిద్ధం చేశాక మళ్లీ మార్చి ఉంటే కమిట్‌లోకి పోయేది వేరు, మీరు చూసేది వేరు. గిట్ షోకు ఫైలు పేరు ముందు కోలన్ పెట్టి చదవండి. డిఫ్-ట్రీ పోస్ట్-కమిట్‌లో (కమిట్ అయ్యాక నడిచే హుక్) సరిగ్గానే వస్తుంది, కానీ అప్పటికి ఆపలేరు.

తుంగభద్ర: వచ్చిందన్నా, థ్యాంక్స్. తెలుగు పేర్లున్న ఫైళ్లు మాత్రం స్లాషులు, అంకెలుగా వస్తున్నాయి.

గుత్తి కోట: గిట్ సెట్టింగుల్లో కోర్ డాట్ కోట్‌పాత్ ఫాల్స్ చెయ్యప్పా, పేర్లు తెలుగులోనే వస్తాయి.

కొండారెడ్డి బురుజు: స్క్రిప్టులో అయితే గిట్ డిఫ్‌కు జెడ్ ఆప్షన్ ఇవ్వడం మేలు, పేరులో స్పేస్ ఉన్నా చెడదు. ప్రీ-రిసీవ్ కూడా పెట్టండి. మీ సర్వర్ మీ చేతిలోనే ఉందా?