లిటిల్ విమెన్‌లో మీకు ఇష్టమైన పాత్ర ఎవరు? ఏ సీన్ వల్ల?

పాతఅట్ట

ఈమధ్యే లిటిల్ విమెన్ రెండు భాగాలూ మళ్లీ చదివాను. ఈ నవల మాట ఎక్కడ వచ్చినా అందరూ జో పేరే చెప్తారు. రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ తననే జోగా రాసుకుంది కాబట్టి ఆ పాత్రకి ఉన్న ఊపు ఇంకెవరికీ లేదు, ఒప్పుకుంటాను. కానీ మెగ్, జో, బెత్, ఎమీ అని నలుగురు అక్కచెల్లెళ్లు, తల్లి, యుద్ధానికి వెళ్లిన తండ్రి, పక్కింటి తాతామనవలు, ఇంతమంది ఉన్న కథలో ఎప్పుడూ ఒక్కరి పేరే వినిపిస్తుంటే నాకు బాధేస్తుంది.

నాకు మార్మీ, అంటే ఆ పిల్లల తల్లి. నీతులు చెప్పే అమ్మ అని చాలామంది ఆమెని పక్కన పెట్టేస్తారు. అలా అనేవాళ్లు ఎనిమిదో అధ్యాయం మళ్లీ చూడాలి. తనని నాటకానికి తీసుకెళ్లలేదన్న కోపంతో ఎమీ, జో కొన్నేళ్లుగా రాసుకున్న కథల పుస్తకాన్ని కాల్చేస్తుంది. జో క్షమించదు. మర్నాడు గడ్డకట్టిన నది మీద స్కేటింగ్‌కి వెళ్తే ఎమీ వెనకాలే వస్తుంది, మధ్యలో మంచు పల్చగా ఉందని పక్కింటి మనవడు లారీ అరిచి చెప్పిన మాట చెల్లికి వినపడలేదని తెలిసి కూడా జో పట్టించుకోదు, ఆ పిల్ల నీళ్లలో పడిపోతుంది. ఎలాగో బయటికి లాగుతారు. ఆ రాత్రి జో తన కోపాన్ని తలుచుకుని కుమిలిపోతుంటే తల్లి ఏం చెప్తుందంటే, తనకీ అలాంటి కోపమే ఉందని, నలభై ఏళ్లుగా దాన్ని పోగొట్టుకోవాలని చూస్తున్నా అదుపులో పెట్టుకోవడం వరకే చేతనయిందని, దాదాపు రోజూ కోపం వస్తూనే ఉంటుందని.

1868లో ఆడపిల్లల కోసమని వచ్చిన పుస్తకంలో ఒక తల్లి కూతురితో ఈ మాట అంటుంది! అది చదివాక అంతకుముందు ఆమె నవ్వుతూ ఇంట్లోకి వచ్చిన సీన్లన్నీ నాకు వేరేగా కనపడ్డాయి. డబ్బు లేదు, భర్త ఎప్పుడొస్తాడో తెలియదు, అయినా పిల్లల ముందు ఆ నవ్వు చెదరదు.

మీకు ఎవరు ఇష్టమో చెప్పండి. జో అయినా సరే, కానీ ఒట్టి పేరు కాకుండా సీన్ చెప్పండి.

మార్జిన్‌గీతలు

ఎమీ. ఇంకో ఆలోచనే లేదు.

పుస్తకం కాల్చిన పిల్ల అనే ముద్ర ఆమెకి జీవితాంతం ఉండిపోయింది, అప్పటికి ఆమెకి పట్టుమని పదమూడేళ్లు కూడా లేవని ఎవరూ గుర్తుపెట్టుకోరు. రెండో భాగంలో యూరప్ అధ్యాయాలు చదవండి. బొమ్మలు వేయడమే ప్రాణంగా పెరిగిన అమ్మాయి రోమ్‌లో గొప్పవాళ్ల పని చూసి, నాకున్నది నేర్పు మాత్రమే, మహా ప్రతిభ కాదు అని తనంతట తనే తేల్చుకుంటుంది. గొప్ప చిత్రకారిణి కాలేకపోతే నాకు అక్కర్లేదు అంటుంది. ఆ మాట ఎవరో చెప్తే ఒప్పుకోవడం వేరు, ఎవరూ చెప్పకుండానే అద్దంలో చూసుకున్నట్టు తనే చూసుకోవడం వేరు. ఆ ఇంట్లో అంత నిక్కచ్చిగా తనని తాను లెక్కకట్టుకున్నది ఎమీ ఒక్కతే అని నా నమ్మకం.

డబ్బున్నవాణ్ణి పెళ్లి చేసుకోవాలనుకుంటుందని తిడతారు. అమ్మకి రాసిన ఉత్తరంలో కారణం కూడా రాసింది కదా, మెగ్ అలా చేసుకోలేదు, జో చేసుకోదు, బెత్ ఇప్పట్లో చేసుకోలేదు, కాబట్టి ఇంటి కోసం ఆ పని నేను చెయ్యాలి అని. అది స్వార్థం ఎలా అవుతుంది? చివరికి ఆ డబ్బున్న ఫ్రెడ్ వాన్ అడిగితే వద్దంటుంది. జో పెళ్లికి కాదన్నదని దిగాలుపడి ఏ పనీ చెయ్యకుండా తిరుగుతున్న లారీని, నిన్ను చూస్తే అసహ్యంగా ఉంది అని మొహం మీదే అంటుంది. అతన్ని మళ్లీ మనిషిని చేసింది ఆ మాటే.

ఇంకొకటి. ఎమీకి మూలం రచయిత్రి చిన్న చెల్లెలు మే ఆల్కాట్. మొదటి భాగానికి బొమ్మలు వేసింది కూడా ఆమే. 1877లో పారిస్ సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో ఆమె చిత్రం పెట్టారు. నవలలో ఎమీ వదిలేసుకున్న దాన్ని నిజంలో మే వదల్లేదు. కాకపోతే 1879లో బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే చనిపోయింది, ఆ పాపని లూయీసాయే పెంచింది. ఇది తెలిశాక ఎమీ అధ్యాయాలు నేను మామూలుగా చదవలేకపోతున్నాను.

మూడోఅధ్యాయం

మెగ్. పట్టుబట్ట సీన్. పెళ్లయ్యాక డబ్బున్న స్నేహితురాలు శాలీతో షాపింగ్‌కి వెళ్లి యాభై డాలర్లు పెట్టి పట్టు కొనేస్తుంది, ఇంటికొచ్చి భర్త జాన్‌కి లెక్కలు చూపించాలి, ఆ టెన్షన్‌లో పేదరికం మీద విసుగొచ్చిందని నోరుజారుతుంది. జాన్ ఏమీ అనడు, తన కోసం ఆర్డరిచ్చిన చలికోటు మాత్రం రద్దు చేసుకుంటాడు. మర్నాడు మెగ్ అభిమానం చంపుకుని శాలీ దగ్గరికే వెళ్లి, నిజం చెప్పి, ఆ పట్టు నువ్వు కొనుక్కో అని అడుగుతుంది. ఆ డబ్బుతో కోటు తెప్పిస్తుంది. జో జుట్టు అమ్మిన సీన్‌కి అందరూ ఏడుస్తారు కానీ స్నేహితురాలి ముందు మా దగ్గర డబ్బు లేదు అని నోరు తెరిచి చెప్పడం అంతకన్నా కష్టం. మెగ్‌ని సాదాసీదా గృహిణి అని తీసిపారేసేవాళ్లు ఆ ఒక్క అధ్యాయం ఓపికగా చదివితే చాలు.

పాతఅట్ట గారూ, మార్మీ విషయంలో నాకో ఇబ్బంది ఉంది. అదే సంభాషణలో, కోపం వచ్చినప్పుడు భర్త పెదాల మీద వేలు పెట్టి సైగ చేస్తే తను గదిలోంచి వెళ్లిపోతానని కూడా చెప్తుంది కదా. అది నాకు మింగుడుపడదు. ఇంటిని పోషించలేని మనిషి ఆమె కోపాన్ని సరిదిద్దడమేంటి?

పాతఅట్ట

అక్కడ నేనూ ప్రతిసారీ ఆగిపోతాను. నవల అతన్ని గౌరవంగానే చూస్తుంది, నేను మాత్రం చూడలేను. కానీ ఆ కోపం ఎవరి మీదో, దేని మీదో ఆమె చెప్పదు చూడండి. పాఠకులు ఊహించుకునేలా వదిలేసింది. నాకైతే సగం కోపం ఆ వేలు మీదే అనిపిస్తుంది.

నిద్రపట్టనిరాత్రి

బెత్ పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తరని తెలుసు. మంచితనం తప్ప ఏమీ లేని పాత్ర, చనిపోవడానికే పుట్టించారు అంటారు. నేను ఒప్పుకోను.

తండ్రికి జబ్బు చేసి తల్లి వాషింగ్టన్ వెళ్లిపోయాక ఇంట్లో అందరికీ బద్ధకం వస్తుంది. హమ్మెల్ అనే పేద కుటుంబాన్ని చూసి రమ్మని అమ్మ చెప్పి వెళ్లింది. బెత్ అక్కలని అడుగుతుంది, మీరెవరైనా వెళ్లండి అని. మెగ్ అలసిపోయానంటుంది, జో జలుబంటుంది. బెత్ అప్పటికే రోజూ వెళ్లొస్తోంది, ఆ రోజు తలనొప్పి, అయినా గంటసేపు ఎదురుచూసి ఎవరూ కదలకపోతే తనే లేచి వెళ్తుంది. అక్కడ చంటిపాప ఆమె ఒళ్లోనే చనిపోతుంది. స్కార్లెట్ ఫీవర్. బెత్‌కి అంటుకుంటుంది, అప్పటికి కోలుకున్నా ఒంట్లో సత్తువ మళ్లీ రాదు. అంటే రాసిపెట్టి ఉండి వచ్చిన చావు కాదు అది, ఆ మధ్యాహ్నం అక్కలు ఒక్కరు లేచి ఉంటే అసలు కథే వేరు. రచయిత్రి ఆ నిందని ఎక్కడా గట్టిగా మోపదు కానీ దాచను కూడా దాచలేదు. ఆల్కాట్ చెల్లెలు ఎలిజబెత్‌కీ ఈ జబ్బే చేసింది, 1858లో 22 ఏళ్లకి చనిపోయింది, పదేళ్ల తర్వాత అక్క కూర్చుని ఈ అధ్యాయం రాసింది.

సముద్రం ఒడ్డున జోతో మాట్లాడే సీన్ కూడా. పెద్దయ్యాక ఏం చెయ్యాలో నేనెప్పుడూ మీలాగా ఆలోచించుకోలేదు, నన్ను నేను ఇంట్లో తప్ప ఎక్కడా ఊహించుకోలేకపోయాను అంటుంది. అందరికీ కలలున్న ఇంట్లో కల లేని పిల్లగా బతకడం ఎంత ఒంటరితనమో! తను ఇక బతకనన్న విషయం చాలా నెలలు ఒక్కతే మోసింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు ఈ నవలలో అందరికన్నా ధైర్యం ఉన్నది ఆమెలోనే కనిపిస్తుంది.

పేజీమడత

సరే, జో తరఫున నేను మాట్లాడతాను, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

జుట్టు సీన్ అందరూ చెప్తారు, జబ్బుపడ్డ నాన్న కోసం పాతిక డాలర్లకి అమ్మేసి అమ్మ చేతిలో పెట్టడం. నాకు ఇష్టమైంది దాని తర్వాత రాత్రి. నాన్న కోసం ఏడుస్తోందేమో అని మెగ్ అడిగితే, ఇప్పుడు కాదు, నా జుట్టు కోసం అంటుంది. త్యాగం చేశాక కూడా పోయిన దాని కోసం ఏడ్చే హక్కు ఆమెకి ఉంది, రచయిత్రి ఆ హక్కు ఇచ్చింది. ఇంకెవరైనా అయితే అక్కడ ఆనందబాష్పాలు పెట్టేసేవాళ్లు.

పెళ్లి విషయానికొస్తే, మొదటి భాగం వచ్చాక జోని లారీకిచ్చి చెయ్యమని పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పెళ్లి చేసుకోకుండా బతికిన ఆల్కాట్‌కి జోని కూడా అలాగే ఉంచాలని ఉండేది, అది కుదరక 1869లో వచ్చిన రెండో భాగంలో జోకి భర్తగా బేర్ అనే ప్రొఫెసర్‌ని తెచ్చింది. ఆయన మంచివాడే, కానీ జో వర్షంలో ఆయన గొడుగు కింద నిలబడిన సీన్‌లో నాకు జో కొంచెం తక్కువే కనిపిస్తుంది. డబ్బున్న ముసలి బంధువు మార్చ్ ఆంటీ జోకి వదిలి వెళ్లిన ప్లమ్‌ఫీల్డ్ ఇంట్లో మగపిల్లల స్కూలు పెడతానని పథకాలు వేస్తున్నప్పుడు మళ్లీ మా జో వస్తుంది.

మార్జిన్‌గీతలు

పేజీమడత గారూ, జుట్టు మాట నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ లారీ జోకి సరిపోయేవాడు కాదని మార్మీ ముందే చెప్పింది, ఇద్దరికీ ఒకే రకం కోపం, ఒకే రకం పంతం అని. ఎమీ అయితే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడగలదు. నా ఓటు మారదు.