నిహిలిస్ట్ డెమోల గిటార్ సౌండ్: నాబ్‌లన్నీ ఫుల్లు తిప్పినా రంపం మోత రావట్లేదు

తుప్పుతీగ:
స్వీడన్ డెత్ మెటల్ బ్యాండ్ నిహిలిస్ట్ 'ఓన్లీ ష్రెడ్స్ రిమెయిన్' డెమోలో వినిపించే ఆ రంపం మోత కావాలి. పెడల్ బాస్ కంపెనీ పాత హెచ్‌ఎం-2 డిస్టార్షన్ (గిటార్ సౌండ్‌ని కరుకుగా చేసే పెట్టె), జపాన్ తయారీ. నాలుగు నాబ్‌లూ (లెవెల్, లో, హై, డిస్టార్షన్) చివరిదాకా తిప్పి ఉన్నాయి. పెడల్ నుంచి నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె). గిటార్ 25.5 అంగుళాల స్కేల్, బ్రిడ్జ్ దగ్గర హంబకర్ పికప్, 10–46 తీగలు (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో), బి స్టాండర్డ్‌కి (మామూలుకంటే ఐదు సెమీటోన్లు కిందికి) దించి ఉంది. వస్తున్నది రంపం కాదు, డబ్బాలో పెట్టి మూతేసిన కందిరీగ. 9 వోల్టుల కొత్త అడాప్టర్ పెట్టినా పెడల్ లైటు మసగ్గానే వెలుగుతోంది, నోటు చివర చిట్లిపోతోంది. బేస్ గిటార్ కలిపితే కిందంతా బురద. ముందు ఏది మార్చాలి?

ఇంకో సందేహం. ఈ సౌండ్ అసలు నిహిలిస్ట్‌దా, ఎంటూమ్డ్ బ్యాండ్‌దా? ఎక్కడ చూసినా రెండో పేరే కనిపిస్తోంది.

రంపపుపొట్టు:
మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ లైటు సంగతి చూడండి. అడాప్టర్ సాకెట్ దగ్గర ఏసీఏ (బాస్ పాత అడాప్టర్ రకం) అని రాసుందా? ఉంటే ఆ పెడల్‌ని పాతకాలపు 12 వోల్టుల అన్‌రెగ్యులేటెడ్ (వోల్టేజీ నిలకడగా ఉండని) అడాప్టర్ కోసం చేశారు. వచ్చిన వోల్టేజీని తగ్గించే ఏర్పాటు లోపలే ఉంటుంది. ఇప్పటి 9 వోల్టుల పీఎస్‌ఏ అడాప్టర్ ఒక్కటే తగిలిస్తే ఆ 9 లోంచి కూడా కొంత కోత పడుతుంది, సర్క్యూట్‌కి చాలదు. లైటు మసకబారడం, లెవెల్ పడిపోవడం, నోటు చిట్లడం మూడూ దాని లక్షణాలే. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి చూడండి. బాగుపడితే పెడల్‌లో ఏ లోపమూ లేనట్టే.

అప్పుడు రెండు దారులు. ఐసొలేటెడ్ పవర్ సప్లై (ఒక్కో అవుట్‌పుట్ విడివిడిగా ఉండేది) ఉంటే 12 వోల్టుల అవుట్‌పుట్ వాడండి. లేదంటే ఒకే 9 వోల్టుల అడాప్టర్ నుంచి డెయిజీ చెయిన్‌తో (ఒకే అడాప్టర్‌ని పలు పెడల్స్‌కి పంచే వైరు) దీన్నీ, ఇంకో మామూలు పీఎస్‌ఏ పెడల్‌నీ నడిపి, ఆ రెంటినీ ప్యాచ్ కేబుల్‌తో కలపండి. గ్రౌండ్ ఆ రెండో పెడల్ మీదుగా తిరిగి వెళ్తుంది కాబట్టి కోత తప్పిపోతుంది. ప్యాచ్ కేబుల్ పీకేస్తే లైటు మళ్ళీ మసకే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, కాస్త చిట్లడం ఈ పెడల్‌కి పుట్టుకతోనే ఉంది. సిగ్నల్ దారిలోనే సిరీస్‌లో జెర్మేనియం డయోడ్లు ఉంటాయి, బాగా చిన్న సిగ్నల్‌ని అవి దాటనివ్వవు. పూర్తిగా పోగొట్టాలని చూడకండి.

ఇక కందిరీగ. అది పెడల్ తప్పు కాదు, స్పీకర్ లేకపోవడం. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక గబగబా పడిపోతుంది. నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పోతే ఆ పైన ఉన్న చెత్తంతా చెవిలోకే. 4×12 (నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న) క్లోజ్డ్ బ్యాక్ క్యాబినెట్ ఐఆర్ (స్పీకర్ పెట్టె సౌండ్‌ని అనుకరించే ఫైలు) ఒకటి కంప్యూటర్‌లో లోడ్ చేయండి. మైక్ కోన్ నడిమధ్యలో ఉన్నది కాకుండా అంచువైపు జరిగినది తీసుకోండి. దాని తర్వాత 80–90 హెర్ట్జ్ దగ్గర లో కట్ (దాని కిందిది కోయడం), 7–8 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ (దాని పైది కోయడం). లెవెల్ నాబ్ ఫుల్లు పెట్టేది ఆంప్ ముందు భాగాన్ని తోయడానికి. ఇంటర్‌ఫేస్ విషయంలో దానివల్ల లాభం లేదు, పైగా ఇన్‌పుట్ క్లిప్ అవుతుంది (సిగ్నల్ పట్టక చిట్లుతుంది). పీక్‌లు −12 డీబీ దగ్గర ఆగేలా లెవెల్ తగ్గించండి.

10–46 తీగలు బి స్టాండర్డ్‌కి పనికిరావు. పిక్ తగిలిన క్షణంలో పిచ్ పైకెగిరి తర్వాత కిందికి దిగుతుంది. డబుల్ ట్రాక్ చేసినప్పుడు (ఒకే రిఫ్‌ని రెండుసార్లు వాయించి రికార్డ్ చేస్తే) రెండు టేకులూ ఒక్కసారి కూడా కలవవు. బి అయితే 12–60, సి షార్ప్ అయితే 11–54 లేదా 12–56 వేయండి. లావు తీగ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో పూర్తిగా దిగకపోతే మొదటి మూడు ఫ్రెట్లు షార్ప్‌గా పలుకుతాయి, గాడిని కొద్దిగా ఫైల్ చేయాలి. మెడ రిలీఫ్ (మెడ వంపు), ఇంటొనేషన్ (ఫ్రెట్లన్నిటా శ్రుతి కలవడం) ఆ తర్వాతే సరిచూసుకోండి.

క్యాసెట్‌పురుగు:
పేరు గొడవకి జవాబు. నిహిలిస్ట్ స్టాక్‌హోమ్‌లో 1987లో మొదలై 1989లో ముగిసింది. పూర్తి ఆల్బమ్ ఒక్కటీ లేదు. ఉన్నవి డెమోలు: 'ప్రిమెచ్యూర్ ఆటాప్సీ' (1988), మీరడిగిన 'ఓన్లీ ష్రెడ్స్ రిమెయిన్' (1988), 'డ్రౌన్డ్' (1989). బేసిస్ట్ జానీ హెడ్‌లుండ్‌తో పొసగక బ్యాండ్‌నే రద్దు చేసి, మిగతావాళ్ళు కొద్ది రోజులకే ఎంటూమ్డ్ పేరుతో మళ్ళీ కలిశారు. హెడ్‌లుండ్ అన్‌లీష్డ్ పెట్టుకున్నాడు. పాటలు మాత్రం పాతవాళ్ళతోనే వెళ్ళాయి. 'సపోజ్డ్ టు రాట్', 'రెవెల్ ఇన్ ఫ్లెష్', 'అబ్‌నార్మల్లీ డిసీస్డ్', 'వెన్ లైఫ్ హాజ్ సీస్డ్' నాలుగూ ఇయరేక్ లేబుల్ 1990లో తెచ్చిన ఎంటూమ్డ్ ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'లో ఉన్నాయి. విత్తనం ఒకరిది, బోర్డు మీద పేరు ఇంకొకరిది. మనుషులు దాదాపు వాళ్ళే కాబట్టి అన్యాయం అనలేం గానీ, సౌండ్ ఎప్పుడు పుట్టిందంటే నిహిలిస్ట్ రోజుల్లోనే.

హెచ్‌ఎం-2 నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పే పద్ధతి నిహిలిస్ట్‌లో ఉన్న లీఫ్ కుజ్నర్‌దని సాధారణంగా చెబుతారు. అతను కుటుంబంతో కెనడా వెళ్ళిపోయాక గిటార్‌కి ఉఫ్ఫె సెడర్‌లుండ్ వచ్చాడు. దాన్ని ఒక ముద్రగా స్థిరపరిచింది స్టాక్‌హోమ్ సన్‌లైట్ స్టూడియోలో నిర్మాత తోమస్ స్కోగ్స్‌బర్గ్. కార్నేజ్ 'డార్క్ రికలెక్షన్స్' (1990), డిస్మెంబర్ 'లైక్ యాన్ ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్' (1991) కూడా అక్కడివే. వరసగా వింటే ఒకే పెడల్ ఎన్ని రకాలుగా పలుకుతుందో అర్థమవుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డెమో సౌండ్ కావాలంటూ ఆల్బమ్‌తో పోల్చుకుంటారు. డెమోల సంకలనం 2005లో వచ్చింది, రిఫరెన్స్ ట్రాక్‌గా దాన్ని పెట్టుకోండి. నా చెవికి డెమో పొడిగా, దగ్గరగా ఉంటుంది. ఆల్బమ్ వెడల్పుగా ఉంటుంది.

మిడ్స్‌మేస్త్రి:
రంపపుపొట్టు గారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. మోత ఎక్కువైందని హై నాబ్ తగ్గించే ప్రమాదం ఉంది, ఆ పని చేయకండి. పేరు చూసి ట్రెబుల్ అనుకుంటారు గానీ అది 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాలని ఒకేసారి లేపుతుంది. రంపం పళ్ళు అక్కడే ఉన్నాయి. చెవిని గీరేది 5 కిలోహెర్ట్జ్ పైన, దాని విరుగుడు క్యాబినెట్ వైపే. హై తగ్గిస్తే పళ్ళు రాలిపోతాయి, గీరుడు అలాగే ఉంటుంది.

బేరం ఆడాల్సింది లో నాబ్‌తో. అది సుమారు 90–100 హెర్ట్జ్ ప్రాంతాన్ని లేపుతుంది. మీ బురద అదే, బేస్ గిటార్ ఉండేదీ అక్కడే. ఒక్క గిటార్ వాయించుకునేటప్పుడు ఫుల్లు బాగుంటుంది, బ్యాండ్‌లో మాత్రం గడియారంలో రెండు గంటల దగ్గరికి దించండి. "నాలుగూ ఫుల్లు" మొదలుపెట్టే చోటు మాత్రమే, శాసనం కాదు.

బేస్ గిటార్‌ని రెండుగా చీల్చండి. 200 హెర్ట్జ్ కింద క్లీన్, గట్టిగా కంప్రెస్ చేసి (శబ్దంలో హెచ్చుతగ్గులు సమం చేసి). ఆ పైన డిస్టార్షన్ వేసి, గిటార్ల కింద ఇసుకలా. గిటార్ రెండు వేర్వేరు టేకులు, ఒకటి పూర్తిగా ఎడమ, ఒకటి పూర్తిగా కుడి. ఒకే టేకుని కాపీ చేస్తే వెడల్పు రాదు, శబ్దం పెరుగుతుందంతే. నాలుగు టేకులు వేస్తే పళ్ళు అరిగిపోతాయి.

తర్వాత ఆంప్‌కి మారితే క్లీన్ ఛానెల్, లేదా అప్పుడప్పుడే చిట్లుతున్న స్థాయి. ఆంప్ నాబ్‌లు బేస్ 3, మిడ్ 6–7, ట్రెబుల్ 4 దగ్గర మొదలెట్టండి. హై గెయిన్ ఛానెల్ మీద ఈ పెడల్ వేస్తే కూత తప్ప ఇంకేం మిగలదు. మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తవ్వేసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి.

తుప్పుతీగ:
బ్యాటరీతో లైటు మామూలైంది. ఐఆర్ వేసి, లో తగ్గించాక రంపం వచ్చేసింది! మిగిలినవి రెండు: ఆగినప్పుడల్లా హోరు, పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని నొక్కి మూయడం) వేసినా వేయనట్టే ఉండటం. పాత పెడల్ అమ్మేసి వాజా (ఇదే పెడల్‌కి బాస్ తెచ్చిన కొత్త రూపం) తీసుకుంటే మేలా?

డీబీట్‌దాసు:
ఇంత గెయిన్‌లో హోరు ఉంటుంది. పెడల్ తర్వాత గేట్ (వాయించనప్పుడు సౌండ్‌ని మూసేసే పెట్టె) పెడితే దానికి హోరూ నోటూ ఒకేలా వినిపిస్తాయి. సెండ్, రిటర్న్ ఉన్న గేట్ తీసుకోండి. గిటార్ గేట్ ఇన్‌పుట్‌లోకి, సెండ్ నుంచి హెచ్‌ఎం-2, అక్కడి నుంచి రిటర్న్, అవుట్‌పుట్ ఆంప్‌కి. అప్పుడు గేట్ శుభ్రమైన గిటార్ సిగ్నల్‌ని విని తెరుచుకుంటుంది. రికార్డింగ్‌లో అయితే డీఐ ట్రాక్‌ని (పెడల్ తగలని శుభ్రమైన గిటార్) సైడ్‌చెయిన్‌గా, అంటే గేట్ విని తెరుచుకునే సిగ్నల్‌గా, ఇవ్వండి. రిలీజ్ (గేట్ మూసుకోవడానికి పట్టే సమయం) 50–100 మిల్లీసెకన్లు. ఇంకా తగ్గిస్తే ట్రెమోలో పికింగ్ (ఒకే నోటుని వేగంగా పైకీ కిందికీ కొట్టడం) తోకలు తెగుతాయి. పాట మధ్యలో హోరు వినబడదు, ఆగే చోట్ల మాత్రమే కోస్తే చాలు.

పామ్ మ్యూట్ విషయంలో పెడల్‌తో పోట్లాడకండి. అంత కంప్రెషన్‌లో మూసిన నోటు, తెరిచిన నోటు మధ్య తేడా చచ్చిపోతుంది. నిహిలిస్ట్ రిఫ్‌లు అందుకే సరిపోతాయి: కింది తీగల మీద ఒంటి నోటు ట్రెమోలో, తెరిచి కొట్టే పవర్ కార్డ్‌లు, వెనక డిస్చార్జ్ అనే పంక్ బ్యాండ్ తరహా డ్రమ్ తాళం, డీ-బీట్. రెండు తీగల కార్డ్ దాటకండి, థర్డ్ (స్కేల్‌లో మూడో స్వరం) కలిస్తే ముద్దయిపోతుంది. మ్యూట్ రిఫ్ తప్పదంటే గిటార్ వాల్యూమ్ 8కి దించి, అరచేతి అంచు బ్రిడ్జ్ మీదికి జరపండి. పెడల్ ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ పెడల్ డ్రైవ్ నాబ్ సున్నాలో పెట్టినా కింది భాగం బిగుస్తుంది, కానీ హోరు పెరుగుతుంది.

అమ్మకండి. 1991లో ఆగిపోయిన పెడల్, మీది పనిచేస్తోంది. 2020లో వచ్చిన వాజా హెచ్‌ఎం-2డబ్ల్యూ మామూలు 9 వోల్టులతో నడుస్తుంది, పవర్ తలనొప్పి ఉండదు. స్టాండర్డ్ మోడ్ పాతదాని దారిలోనే పోతుంది, కస్టమ్ మోడ్‌లో గెయిన్ ఎక్కువ. కస్టమ్‌లో పెట్టి నాలుగూ ఫుల్లు తిప్పితే మీ పాత బురద మళ్ళీ ఇంటికొస్తుంది. రెండో గిటారిస్ట్ కోసమైతే బెహ్రింగర్ హెచ్‌ఎం300 చాలు. ప్లాస్టిక్ పెట్టె, తొక్కేటప్పుడు కాస్త దయ చూపించండి.

బ్యాలెన్స్ చూసేటప్పుడు వాల్యూమ్ మరీ తగ్గించకండి. చిన్న శబ్దంలో చెవికి కింది భాగం అందదు, 1 కిలోహెర్ట్జ్ ఒక్కటే పొడుస్తుంది. అది విని హై తగ్గిస్తే బ్యాండ్‌తో వాయించేటప్పుడు గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి.