తలకు దెబ్బ తగిలినవాళ్లు అన్నీ ఫోన్ మీదే పెట్టుకుంటే మతిమరుపు ఇంకా పెరుగుతుందా?

బ్రాడీపేట అక్క (గుంటూరు)

మా తమ్ముడికి పోయిన ఏడాది మంగళగిరి దగ్గర హైవే మీద బైక్ యాక్సిడెంట్‌లో తలకు గట్టి దెబ్బ తగిలింది. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసేవాడు. పాత సీజన్ల రేట్లు, రైతుల పేర్లు ఇప్పటికీ గడగడా చెప్తాడు. పొద్దున తిన్న టిఫిన్ మాత్రం మధ్యాహ్నానికి గుర్తుండదు. ఫిట్స్ మాత్ర వేసుకున్న సంగతి మర్చిపోయి రెండోసారి వేసుకోబోతుంటే అమ్మ చూసి ఆపింది. అప్పటి నుంచి వాడి ఫోన్‌లో మాత్రలకి, స్నానానికి, ఫిజియోథెరపీకి అలారాలు పెట్టాను. నాన్న ఒప్పుకోవడం లేదు. "గుర్తుచేసేది పక్కనే ఉంటే వాడి బుర్ర ఎందుకు కష్టపడుతుంది? తీసెయ్, తడబడనీ, అప్పుడే వస్తుంది" అంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ)

అమ్మా, మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది. బతుకంతా పాఠాలు చెప్పినవాణ్ణి, వల్లె వేయనిది నిలవదని నా నమ్మకం. మా బావమరిదికి ఇలాగే అయినప్పుడు ఆయన భార్య రోజూ సాయంత్రం కూర్చోబెట్టి పొద్దుటి నుంచి జరిగినవన్నీ చెప్పించేది. మెల్లగా దారిలో పడ్డాడు. మొదటి ఏడాదిలోనే ఎక్కువ కోలుకుంటారని డాక్టర్లూ అంటారు. ఆ కాలాన్ని ఫోన్‌కి అప్పగించడం నాకు నచ్చదు. పైగా మాత్ర కోసం ఫోన్ తీసినవాడు రీల్స్‌లో పడితే గంట పోతుంది. ఇక ఆ ఫోన్‌లోనే యూపీఐ ఉంటుంది. ఎవడో ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటే ఏం చేస్తాడు?

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (గుంటూరు)

మాస్టారూ, మీ బావమరిది గారు కోలుకోవడం సంతోషం. అయితే మొదటి నెలల్లో మెదడు తనంతట తాను కూడా చాలా కోలుకుంటుంది. అందులో సాయంత్రం ప్రశ్నల వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

ఈ సందేహం పాతదే. ఇంగ్లండులో న్యూరోసైకాలజిస్ట్ బార్బరా విల్సన్ బృందం స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లోనే పేజర్‌తో (మోగి, పంపిన సందేశం చూపించే చిన్న పరికరం) దీన్ని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించింది. మతిమరుపు లాంటి ఇబ్బందులున్న 143 మందిని తీసుకుని, ఒక గుంపుకి ముందు, ఇంకో గుంపుకి తర్వాత పేజర్ ఇచ్చి చూశారు. 16 వారాల పరీక్ష పూర్తి చేసినవాళ్లలో 80 శాతానికి పైగా మందికి, మాత్రలు వేసుకోవడం, అపాయింట్‌మెంట్‌కి వెళ్లడం లాంటి పనుల్లో తేడా స్పష్టంగా కనిపించింది. మీ నాన్నగారికి చెప్పాల్సింది తర్వాతి సంగతి. పేజర్ వెనక్కి తీసుకున్న ఏడు వారాలకు చూస్తే, వాళ్లలో చాలామందికి ఆ మెరుగుదల నిలిచే ఉంది. గుర్తుచేస్తే బుర్ర మొద్దుబారుతుందన్నది నిజమైతే అలా జరగకూడదు కదా.

"తడబడనీ" అన్న మాట దగ్గరే నాకు గట్టి అభ్యంతరం. మామూలు మనిషి తప్పు చేస్తే, ఆ తప్పు గుర్తుండి దిద్దుకుంటాడు. కొత్త విషయాలు నిలవని మనిషికి దిద్దిన సంగతి పోతుంది, చేసిన తప్పే అలవాటుగా మిగులుతుంది. అందుకే నేర్పేటప్పుడు ఊహించి చెప్పమని అడగం, మొదట్నుంచీ సరైనదే చేయిస్తాం. కొత్త సంగతులు నిలవకపోయినా చేతి అలవాటు చాలామందిలో మిగిలే ఉంటుంది. ఫోన్ వాడకం నేర్పేది దాని మీదే: ఒకే ఫోన్, ఒకే యాప్, బటన్ రోజూ ఒకే చోట. మధ్యలో ఎవరో మంచి ఫోన్ కొనిస్తే నెలల శ్రమ పోతుంది.

అక్కా, మీరు అలారంలో ఏం రాశారు? ఉత్త "మాత్ర" అని ఉంటే, అది మోగగానే ఆపేసి, ఎందుకు మోగిందో మర్చిపోతారు. "ఫిట్స్ మాత్ర. ఫ్రిజ్ మీద నీలం డబ్బా. పొద్దుటి గడి" అని రాయండి. వారానికి సరిపడా గడులున్న డబ్బా కొనండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, రెండోసారి వేసుకునే భయం ఉండదు. ఫిట్స్ మాత్ర తప్పితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టాల్సిన చోటు అది కానే కాదు.

పటమట కుర్రాడు (విజయవాడ)

దెబ్బ తగిలింది నాకే. మీరందరూ మా గురించి మాట్లాడుతున్నారు, నా మాట కూడా వినండి.

నాకు ఫోన్ కళ్లజోడు లాంటిది. బీసెంట్ రోడ్డులో బండి పెట్టగానే ఫోటో తీసుకుంటా. ఎవరైనా ఏదైనా చెప్తే వెంటనే వాయిస్ రికార్డ్ చేసుకుంటా. అది లేనప్పుడు ప్రతి చిన్నదానికీ అమ్మని అడిగేవాణ్ణి. అడిగిందే మళ్లీ అడిగినప్పుడు ఎదుటివాళ్ల ముఖంలో విసుగు కనిపిస్తుంది. ఫోన్ విసుక్కోదు.

కానీ మాస్టారు చెప్పిన రీల్స్ సంగతి నిజం. నాకు సమయం పోవడం కన్నా అలసట పెద్ద సమస్య. కాసేపు స్క్రీన్ చూస్తే తల బరువెక్కి మిగతా రోజంతా పోతుంది. బెంజి సర్కిల్‌లో హారన్ల మధ్య మ్యాప్ వాయిస్ వింటుంటే రెండూ కలిసిపోయి అక్కడే నిలబడిపోతా. అందుకే బయల్దేరే ముందే ఇంట్లో దారి చూసుకుని కాగితం మీద మలుపులు రాసుకుంటా. వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్. అలారం, ఫోన్ కాల్ తప్ప ఏదీ మోగదు.

అక్కా, ఆ అలారాలు తమ్ముణ్ణి అడిగి పెట్టారా? స్నానానికి అలారం నాకు పెడితే నాకు అవమానంగా ఉంటుంది.

సత్యనారాయణపురం మాస్టారు

బాబూ, నువ్వు రాసింది చదివాను. మాత్రల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడం మానొద్దు. ఇంట్లో వాళ్లు "ఫోన్ ఉందిగా" అని ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతే ఆ మనిషి ఒంటరి అవుతాడు. డబ్బు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

గవర్నర్‌పేట గృహిణి (విజయవాడ)

డబ్బుకి మా ఇంట్లో యూపీఐ సర్కిల్ వాడుతున్నాం మాస్టారూ, అంటే నా ఖాతా నుంచి ఇంట్లో వాళ్లు చెల్లించే పద్ధతి. 2024లో వచ్చింది. మావారు స్కాన్ చేస్తారు, నా ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది, నేను పిన్ కొడితేనే డబ్బు వెళ్తుంది. ప్రతిసారీ అడగకుండా ఉండే పద్ధతీ ఉంది, దానికి నెలకి 15,000, ఒక్కోసారికి 5,000 రూపాయల హద్దు. ఆయన అకౌంట్ పిన్ ఫోన్‌లో ఎక్కడా రాసిపెట్టలేదు. లొకేషన్ కూడా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాం, మనకి టెన్షన్ ఉండదు.

పటమట కుర్రాడు

లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టడం నాకు నచ్చలేదండీ. మావాళ్లతో ఒప్పందం చేసుకున్నా. దూరం వెళ్లే రోజు నేనే ఆన్ చేస్తా, ఇంటికొచ్చాక ఆపేస్తా. చెప్పిన టైముకి రాకపోతే వాళ్లు ఫోన్ చేస్తారు.

గవర్నర్‌పేట గృహిణి

ఆయన బస్టాండు దగ్గర దారి తప్పి ఎవరి ఫోనూ ఎత్తని రోజు నేను పడ్డ బాధ నీకు తెలియదు బాబూ. ఆపను.

బ్రాడీపేట అక్క

నాన్నకి పేజర్ సంగతి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, నీలం డబ్బా మాత్రం తనే వెళ్లి కొనుక్కొచ్చారు. తమ్ముణ్ణి అడిగితే స్నానం అలారం తీసెయ్యమన్నాడు, తీసేశాను. మాత్రలది తన గొంతుతోనే రికార్డ్ చేసి పెట్టుకుంటానన్నాడు. థెరపిస్ట్ గారూ, అలారం టోన్‌గా గొంతు పెట్టుకుంటే పనిచేస్తుందా, లేక రాసిన మాటలే మేలా?

ఆక్యుపేషనల్ థెరపిస్ట్

రెండూ ఉంచండి. కొద్ది రోజులు చూసి, ఏది మోగితే లేచి డబ్బా దగ్గరికి వెళ్తున్నాడో అదే ఉంచెయ్యండి. ఆ తర్వాత ఇక మార్చకండి.